ఇంట్లోకి పక్షి మైట్స్ వచ్చాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్లలో పావురాలు పెరిగిన కొద్దీ ఈ బాధ కూడా పెరిగింది. తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు, అదీ చాలావరకు అర్ధరాత్రి దాటాక, నిద్ర లేక అడిగేవి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు ఏ ప్రశ్న కావాలో అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది. ఇది పావురాలు, పిచ్చుకలు, కోళ్ల మీద రక్తం తాగి బతికే మైట్స్ అనే సన్నటి పురుగుల గురించి.

## ముందు, ఇవి ఏమిటో తేల్చుకోవడం

రాత్రుళ్లు ఒంటి మీద ఏదో పాకుతున్నట్టు ఉంటోంది, లైటేసి చూస్తే ఏమీ లేదు. ఇవి మైట్సేనా?

కావచ్చు, కానీ ఒక్కటైనా పట్టుకోకుండా నిర్ణయానికి రావద్దు. పక్షి మైట్ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఉంటుంది. ఆకలితో ఉన్నప్పుడు తెల్లగా, బూడిద రంగులో ఉంటుంది కాబట్టి లేత రంగు దుప్పటి మీద చూపుకి ఆనదు. రక్తం తాగాక ఎర్రగానో నల్లగానో మారుతుంది, అప్పుడు కదిలే చుక్కలా కనిపిస్తుంది. పట్టుకోవడానికి సెల్లోటేపు చాలు: పాకినట్టు అనిపించిన చోట టేపు అద్దండి, దాన్ని తెల్ల కాగితం మీద అతికించి ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి. ఎనిమిది కాళ్లు, కోడిగుడ్డు ఆకారంలో శరీరం కనిపిస్తే మైటే. మరీ చిన్నవాటికి ఆరు కాళ్లే ఉంటాయి. కిటికీ గట్టు, ఏసీ కింద గోడ, మంచం తలవైపు, ఈ మూడు చోట్లా టేపు ముక్కలు జిగురు పైకి ఉండేలా రాత్రంతా పెట్టి పొద్దున్నే చూడండి. ఆ కాగితం పారేయకండి, డాక్టరుకైనా పెస్ట్ కంట్రోల్ వాళ్లకైనా అదే సాక్ష్యం.

నల్లులో మైట్సో ఎలా తెలుస్తుంది?

నల్లి పెద్దది, నాలుగైదు మిల్లీమీటర్లు, గోధుమ రంగు, కంటికి బాగానే కనిపిస్తుంది. పరుపు కుట్ల వెంట, మంచం సందుల్లో నల్లటి మచ్చలు వదులుతుంది. దుప్పటి మీద చిన్న రక్తపు మరకలు ఉంటాయి. మైట్స్ అయితే పరుపులో కన్నా కిటికీ వైపు, ఏసీ వైపు ఎక్కువ దొరుకుతాయి. వానాకాలంలో చెమ్మ గోడల మీద, పాత పుస్తకాల్లో కనిపించే లేత రంగు సన్న పురుగులు వేరు, అవి కుట్టవు. డస్ట్ మైట్స్ కంటికి కనిపించవు, అవీ కుట్టవు, వాటితో వచ్చేది తుమ్ములు, ఆయాసం లాంటి ఎలర్జీ.

చర్మం డాక్టరు గజ్జి అని మందు ఇచ్చారు. ఇంటిల్లిపాదీ రాసుకున్నాం, అయినా తగ్గలేదు. ఎందుకని?

గజ్జి కూడా మైట్ వల్లే వస్తుంది, కానీ అది మనిషి చర్మంలో సన్నని దారి తొలుచుకుని, అక్కడే గుడ్లు పెట్టి బతుకుతుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ, మర్మాంగాల దగ్గర దురద ఎక్కువ. పక్షి మైట్ అలా కాదు, కుట్టి వెళ్లిపోతుంది, మన చర్మంలో కాపురం పెట్టదు. గజ్జి మందు ఒంటి మీదున్నవాటిని చంపినా, కిటికీలోంచి కొత్తవి వస్తూనే ఉంటే ఉపయోగం ఏముంది? అయితే గజ్జికి మందు సరిగ్గా వాడినా దురద రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ కూడా ఉంటుంది, కాబట్టి మందు పనిచేయలేదని మీ అంతట మీరు తేల్చేయకండి. టేపుకి అంటిన పురుగుని, కిటికీ బయట గూడు ఫొటోని తీసుకెళ్లి మళ్లీ అదే డాక్టరుకి చూపించండి. గూడు సంగతి చెప్పకపోతే ఏ డాక్టరుకైనా తెలిసే వీలు లేదు.

మా బాల్కనీలో పావురాల్లేవు. మరి ఎక్కణ్ణుంచి వచ్చాయి?

బాల్కనీ ఒక్కటే చూసి లేవనుకోకండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక, విండో ఏసీకీ కిటికీ చట్రానికీ మధ్య సందులో, బాత్రూమ్ వెంటిలేటర్ బయట, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రంలో, సజ్జ మీద, డక్ట్‌లో పైపుల మధ్య చూడండి. పై ఫ్లాటు వాళ్ల గూడైనా మీ కిటికీకి దగ్గరగా ఉంటే మీకే వస్తాయి. తాళం వేసి ఉన్న పక్క ఫ్లాటు బాల్కనీ కూడా చూడాల్సిందే, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పక్షులు ఎక్కడా లేవంటే ఎలుకల సంగతి ఆలోచించండి, ఎలుకల మీద బతికే మైట్స్ కూడా మనుషుల్ని కుడతాయి. ఇంట్లో లవ్ బర్డ్స్ పంజరం ఉంటే దాని మూలలు, కర్రల చివర్లు రాత్రిపూట టార్చి వేసి చూడండి.

పావురాలు ఏళ్లుగా ఉన్నాయి. ఈ బాధ ఇప్పుడే ఎందుకు మొదలైంది?

గూట్లో పిల్లలున్నంత కాలం మైట్స్‌కి తిండి అక్కడే దొరుకుతుంది. వెచ్చటి వాతావరణంలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి వారం చాలు, కాబట్టి పిల్లలు పెరిగే నెల రోజుల్లో గూడు నిండిపోతుంది. పిల్లలు ఎగిరిపోయిన రోజు నుంచి వాటికి తిండి లేదు. అప్పుడు వేడిని, ఊపిరిని వెతుక్కుంటూ గోడ వెంట, కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తాయి. గూడు ఖాళీ అయిందని మనం ఊపిరి పీల్చుకునే సమయానికే బాధ మొదలవుతుంది.

ఊళ్లో అమ్మమ్మ వాళ్లింట్లో కోళ్లుంటాయి, పొదిగే గంప దగ్గరికి వెళ్తే చేతుల మీదికి ఎక్కుతాయి. అవీ ఇవేనా?

అవును, గంపలో చేయి పెట్టగానే బిలబిలా చేతి మీదికి పాకేవి ఇవే రకం. పొదుగుడు కోడి మూడు వారాలు కదలకుండా కూర్చుంటుంది, అందుకే గంప వీటికి అనుకూలం. పిల్లలు దిగిన రోజే గంపలో గడ్డి మొత్తం తీసి కాల్చేసి, గంపని మరిగే నీళ్లతో కడిగి ఎండలో బోర్లించాలి. చాలా ఇళ్లలో గడ్డి కింద వావిలాకు వేస్తారు. అది కొంత మేలు చేస్తుందని చూసినవాళ్లు చెబుతారు కానీ గడ్డి మార్చకుండా ఆకు ఒక్కటే వేస్తే లాభం లేదు. కోళ్లు బూడిదలో పొర్లడానికి ఒక మూల బూడిద పోసి ఉంచండి, ఒంటి మీది పురుగుల్ని అవి అలాగే వదిలించుకుంటాయి. గంప మాత్రం పడుకునే గదిలో, మంచం కింద వద్దు.

## గూడు తీసేటప్పుడు

ముందు ఇంట్లో మందు కొట్టించాలా, గూడు తీయాలా?

గూడే ముందు. ఈ మొత్తంలో మీరు ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే ఇదే. గూడు ఉండగా లోపల ఎన్ని మందులు కొట్టినా, ఎన్ని దుప్పట్లు ఉతికినా వచ్చేవి వస్తూనే ఉంటాయి. గూడు పోతే ఇవి ఇంట్లో పెరగలేవు, ఎందుకంటే మనుషుల రక్తం మీద వాటి సంతతి నిలవదు. డబ్బులు ఒక్క పనికే ఉన్నాయంటే గూడు తీయించి సందులు మూయించడానికి పెట్టండి.

గూట్లో గుడ్లున్నాయి, పిల్లలున్నాయి. ఏం చేయాలి?

గూడు ఖాళీగా ఉన్నా, ఇంకా పుల్లలు పేరుస్తూ ఉన్నా ఇవాళే తీసేయండి. గుడ్లో పిల్లలో ఉంటే ఆగాలి. పావురం రెండు గుడ్లు పెడుతుంది, పదిహేడు పద్దెనిమిది రోజులు పొదుగుతుంది, ఆ తర్వాత పిల్లలు ఎగరడానికి నెల రోజులు పడుతుంది. బతికున్న పిల్లల్ని కింద పడేయడం, విషం పెట్టడం క్రూరత్వం, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. దగ్గర్లో పక్షుల్ని కాపాడే సంస్థ ఏదైనా ఉంటే వాళ్లని అడగండి, కొందరు వచ్చి తీసుకెళ్తారు. ఈలోపు ఆ వైపు కిటికీ తెరవకండి, చట్రం చుట్టూ సందులన్నీ టేపుతో మూసేయండి, గట్టు మీద రెండు వైపులా జిగురుండే టేపు ఒక గీతలా అంటించండి, పడక వేరే గదిలోకి మార్చండి. పిల్లలు ఎగిరిన రోజే గూడు తీయాలి, రేపు చూద్దాం అనుకోవద్దు. పావురం అదే చోట వెంటనే మళ్లీ గుడ్లు పెడుతుంది, ఒక్కోసారి మొదటి పిల్లలు వెళ్లకముందే పెట్టేస్తుంది.

గూడు ఎలా తీయాలి? చీపురుతో తోసేస్తే సరిపోదా?

సరిపోదు, పైగా అదే చెరుపు చేస్తుంది. పొడి రెట్టని ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తోసేసిన గూట్లోంచి మైట్స్ చుట్టూ చెల్లాచెదురవుతాయి. ముందు ఆ వైపు కిటికీలు మూసి, ఏసీ ఆపేయండి. ఎన్-95 మాస్కు, గ్లౌజులు, పొడుగు చేతుల పాత చొక్కా వేసుకోండి. స్ప్రే బాటిల్లో సబ్బు నీళ్లు పోసి గూడుని, రెట్టని బాగా తడిసేదాకా కొట్టి కాసేపు నాననివ్వండి. తర్వాత గూడుని చెల్లాచెదురు కాకుండా ఒక్కసారిగా చెత్త కవర్లోకి ఎత్తి, మూతి బిగించి, ఇంకో కవర్లో వేసి నేరుగా చెత్త బండికి ఇచ్చేయండి. కారిడార్‌లో రాత్రంతా పెట్టొద్దు. రెట్ట మెత్తబడ్డాక గీకి తీసి, ఆ చోటంతా కడగండి. గూడు పోయినా గోడ పగుళ్లలో మిగిలినవి ఉంటాయి, కాబట్టి ఆరాక ఆ చుట్టూ మైట్స్ మీద పనిచేసే స్ప్రే కొట్టించాలి. వేసుకున్న బట్టలు అక్కడే విప్పి వేడినీళ్లలో వేసి, వెంటనే తలస్నానం చేయండి. ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, పెద్దవాళ్లు ఈ పని చేయకూడదు.

గూడు ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనకాల ఉంది, చేయి అందట్లేదు. మావారు కిటికీలోంచి దిగి తీస్తానంటున్నారు.

వద్దని గట్టిగా చెప్పండి. యూనిట్ పెట్టిన ఇనుప స్టాండు మనిషి బరువు కోసం చేసింది కాదు, తుప్పు పట్టి ఉంటే ఇంకా ప్రమాదం. తాడు, బెల్టు కట్టుకుని పనిచేసే ఏసీ మెకానిక్‌లు, పావురాల వల కట్టేవాళ్లు ఉంటారు, వాళ్లతోనే చేయించండి. సర్వీసింగ్ రోజే ఇదీ పెట్టుకుంటే ఒక ఖర్చుతో పోతుంది. ఆ రోజే పైపులు గోడలోంచి లోపలికి వచ్చే రంధ్రాన్ని ఎం-సీల్‌తోనో తెల్ల సిమెంటుతోనో మూయించండి. ఎక్కువ ఇళ్లలో మైట్స్ వచ్చే దారి ఆ రంధ్రమే, పైకి అందంగా ప్లాస్టిక్ మూత ఉంటుంది, లోపల రెండు వేళ్లు పట్టే సందు ఉంటుంది.

అద్దె ఇల్లు. ఓనర్ "పావురాలు అందరింటికీ వస్తాయి" అని వదిలేస్తున్నాడు.

మాటలతో కాక ఫొటోలతో వెళ్లండి: గూడు, రెట్ట, టేపుకి అంటిన పురుగులు, పిల్లల చేతుల మీద దద్దుర్లు, అన్నీ ఒకే మెసేజ్‌లో పంపండి. గూడు తీయించి, రంధ్రాలు మూయించి, వల కట్టించడానికి ఎంత అవుతుందో ఒకరిద్దరిని అడిగి ఆ అంకె కూడా రాయండి, ఎందుకంటే అంకె చూస్తే ఎవరైనా నిర్ణయం తొందరగా తీసుకుంటారు. డక్ట్‌లో గూళ్లుంటే అది అసోసియేషన్ పని, ఒక్క ఫ్లాటు వాళ్లు చేయగలిగింది కాదు. పసిపిల్లలున్న ఇల్లయితే మాత్రం వాదన తేలేదాకా ఆగకండి, ముందు చేయించి తర్వాత అద్దెలో సర్దుకునే మాట మాట్లాడుకోండి.

## ఇంట్లో, రోజువారీ

రోజూ ఏం చేయాలి? ఇల్లంతా కడిగి కడిగి చచ్చిపోతున్నాం.

ఇల్లంతా కడగక్కర్లేదు. గూడు ఉన్న వైపు గది, మీరు పడుకునే గది, ఈ రెండే పట్టించుకోండి. పొద్దున కిటికీ గట్టు, చట్రం మూలలు, ఏసీ కింద గోడ సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని వేడినీళ్లలో జాడించండి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీ వెంట, మంచం కింద, సోఫా సందుల్లో నడపండి. అయిపోగానే లోపలి సంచిని కవర్లో కట్టి బయట పారేయండి, లేకపోతే మళ్లీ పాకి వస్తాయి. వ్యాక్యూమ్ లేకపోతే ఊడ్చకుండా తడిగుడ్డ పెట్టండి. సాయంత్రం టేపులు చూసి మార్చండి. అంతే, అరగంట పని. రోజంతా దీనిమీదే ఉంటే నాలుగో రోజుకి నీరసపడి అసలు మానేస్తారు, రోజూ కొంచెం చేయడమే మంచిది.

దుప్పట్లు, బట్టలు ఎలా ఉతకాలి? మా మెషీన్‌లో వేడినీళ్లు రావు.

60 డిగ్రీల వేడిలో అరగంట ఉంటే ఇవి బతకవు. మెషీన్‌లో హీటర్ లేకపోతే పొయ్యి మీద నీళ్లు కాచి బకెట్లో పోసి, దుప్పట్లు, దిండు గలీబులు అందులో నానబెట్టి తర్వాత మామూలుగా ఉతకండి. పిల్లలు ఆ బకెట్ దగ్గరికి రాకుండా చూసుకోండి. మన ఎండ కూడా బాగా పనికొస్తుంది: ఉతకలేని బొంతల్ని, దిండ్లని నల్ల పాలిథిన్ కవర్లో పెట్టి మూతి కట్టి మధ్యాహ్నం డాబా మీద ఎండలో పడేయండి, లోపల వేడి బయటికన్నా చాలా ఎక్కువ అవుతుంది, మధ్యలో ఒకసారి తిప్పండి. పట్టుచీరలకి ఈ వైద్యం వద్దు. బీరువాలో మూసి ఉన్న బట్టల జోలికి వెళ్లక్కర్లేదు, ఇవి బట్టలు తినవు.

పరుపు, సోఫా పారేయాలా?

అక్కర్లేదు. ఇవి నల్లుల్లా పరుపులో ఉండి తరతరాలు పెరిగేవి కావు. పరుపుకి జిప్ ఉన్న కవరు తొడగండి, సోఫాని కిటికీకి దూరంగా జరపండి, చాలు. భయంతో సామాను పారేసినవాళ్లు చాలామంది కొత్త పరుపు మీద కూడా అవే దద్దుర్లతో లేచారు, ఎందుకంటే గూడు అక్కడే ఉంది.

కనీసం రాత్రి నిద్ర పట్టాలంటే ఏం చేయాలి?

గూటికి దూరంగా ఉన్న గదిలో పడుకోండి. మంచాన్ని గోడకి జానెడు దూరం జరపండి, దుప్పటి అంచులు నేలకి తగలకుండా మడవండి. చీమలు పట్టకుండా పాలగిన్నెని నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే, మంచం నాలుగు కోళ్లనీ సబ్బు నీళ్లు పోసిన గిన్నెల్లో పెట్టండి. పెట్టె మంచమైతే కోళ్లుండవు కాబట్టి చుట్టూ కింద అంచుకి రెండు వైపుల జిగురు టేపు అంటించండి. పడుకునే ముందు స్నానం చేసి ఉతికిన బట్టలు వేసుకోండి. దోమతెరతో లాభం లేదు, దాని కన్నాల్లోంచి ఇవి తేలిగ్గా దూరతాయి.

ఏ మందు కొట్టాలి? చీమల చాక్‌పీసు, కలరా ఉండలు, దోమల లిక్విడ్ పనిచేస్తాయా?

ఈ మూడింటి మీదా ఆధారపడొద్దు. కలరా ఉండలు పైగా హాని: జీ-6-పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకి వాటివల్ల రక్తకణాలు దెబ్బతిని కామెర్లు రావచ్చు. పెస్ట్ కంట్రోల్ వాళ్లు సాధారణంగా డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి వాడతారు. అవి కిటికీ చట్రాలు, గోడ పగుళ్లు, స్కర్టింగ్, ఏసీ రంధ్రం చుట్టూ పడాలి, పరుపు మీదా బట్టల మీదా కాదు. "మొత్తం ఇల్లు పొగ పెట్టేస్తాం" అంటే ఒప్పుకోకండి, పొగ సందుల లోపలికి పోదు. "గూడు చూశారా?" అని ముందు మీరే అడగండి, చూడకుండా రేటు చెప్పేవాళ్లని పంపించేయండి.

పొలానికి తెచ్చిన పురుగుమందు కొంచెం నీళ్లలో కలిపి కొట్టొచ్చా? మా మామయ్య బియ్యంలో పెట్టే బిళ్లలు కూడా ఇచ్చారు.

రెండూ వద్దు, దయచేసి. పంట మందులు గాలి వీచే పొలం కోసం చేసినవి. మూసి ఉన్న గదిలో, పిల్లలు పాకే నేల మీద అవి విషం. ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మరీ ఘోరం, తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. పక్క గదిలో పెట్టినా నిద్రలోనే ప్రాణాలు పోతాయి, ఇళ్లలో అలా జరిగాయి కూడా, దానికి విరుగుడు మందు లేదు. ఆ బిళ్లల్ని ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉంచకుండా వెనక్కి ఇచ్చేయండి.

ఇంట్లో పిల్లి ఉంది, చేపల తొట్టి ఉంది. స్ప్రే చేయించొచ్చా?

పైన చెప్పిన డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, వాటి జాతివే అయిన పెర్‌మెత్రిన్ లాంటి మందులు పిల్లులకి, చేపలకి చాలా ప్రమాదం. చేయించే రోజు పిల్లిని వేరే ఇంట్లో ఉంచి, మందు పూర్తిగా ఆరాకే తీసుకురండి. తొట్టిని వేరే గదికి మార్చండి, కుదరకపోతే గాలి పంపు ఆపి పైన గట్టిగా కప్పండి, గది బాగా గాలాడాక మళ్లీ వేయండి.

వేపనూనె, కర్పూరం, పసుపు నీళ్లు?

వీటినే నమ్ముకుంటే పురుగులు పోవు. సబ్బు నీళ్లే వీటికన్నా నయం, పురుగు మీద నేరుగా పడితే చంపుతాయి.

## ఒంటికి సంబంధించినవి

దురద తట్టుకోలేకపోతున్నాం. ఏం రాయాలి?

చల్లటి తడిగుడ్డ, కాలమైన్ లోషన్, రాత్రికి డాక్టరు చెప్పిన సెట్రిజిన్ లాంటి మాత్ర, చాలామందికి ఇవి చాలు. దద్దుర్లు ఎక్కువగా ఉంటే కొద్ది రోజులు స్టెరాయిడ్ క్రీమ్ రాస్తారు, అది డాక్టరు చెప్పినంతే వాడండి, మందుల షాపులో అడిగి తెచ్చుకునే, స్టెరాయిడ్ కలిపిన మిక్స్ క్రీములు చర్మాన్ని పాడుచేస్తాయి. గోళ్లు కత్తిరించుకోండి. గోకిన చోట చీము పట్టినా, ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి. కిరోసిన్, డెటాల్ నేరుగా, దోమల స్ప్రే, వీటిని ఒంటికి పూయడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఐవర్‌మెక్టిన్ మాత్రలు సొంతంగా మింగొద్దు, అవి గజ్జికి ఇచ్చేవి.

జుట్టులో, చెవుల్లో చేరి గుడ్లు పెడతాయా?

పాకితే పాకుతాయి, కాపురం ఉండవు. మామూలుగా తలస్నానం చేస్తే పోతాయి. పేలమందు అక్కర్లేదు, గుండు అసలే అక్కర్లేదు.

పసిపాపకి ఒళ్లంతా ఎర్ర చుక్కలు. ఇవేనా, చెమటకాయలా?

పసిపిల్లల విషయంలో ఊహించుకోవద్దు, పిల్లల డాక్టరుకి చూపించండి. మెడ, చంకలు, డైపర్ దగ్గర ఉంటే చెమటకాయలు కావచ్చు, బట్టల అంచుల వెంట, చేతులు కాళ్ల మీద అక్కడక్కడా ఉంటే కుట్టినవి కావచ్చు. పాప ఉయ్యాలని ఆ కిటికీకి, ఏసీకి దూరంగా ఇవాళే మార్చండి. పాప గదిలో మందు కొట్టించే కన్నా వేడినీళ్ల ఉతుకు, తుడవడం, టేపు వీటితోనే నెట్టుకురండి.

వీటివల్ల పెద్ద రోగాలు వస్తాయా?

కుట్టడం వల్ల వచ్చేది ప్రధానంగా దురద, దద్దుర్లు. నిజంగా భయపడాల్సింది పావురాల రెట్టకి. ఎండిన రెట్ట దుమ్ము, ఈకల పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో వాపు వచ్చి మచ్చ కట్టే జబ్బు రావచ్చు, క్రిప్టోకాకస్ లాంటి ఫంగస్ కూడా అందులో ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం కొన్ని వారాలుగా ఉంటే ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించి పావురాల సంగతి తప్పకుండా చెప్పండి.

## మనసు, మనుషులు

నాకే కుడుతున్నాయి, ఆయనకేమీ లేదు. "నీ భ్రమ" అంటున్నారు.

ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి దద్దుర్లు లేచి ఇంకొకరికి మచ్చ కూడా పడకపోవడం మామూలే. కుట్టడం ఇద్దరినీ కుట్టొచ్చు, ఒంటి ఎలర్జీ స్వభావం వేరు. టేపు మీద పురుగు చూపిస్తే వాదన అక్కడితో పోతుంది. ఇంట్లోవాళ్లకి ఒక మాట: రోజుల తరబడి నిద్ర లేని మనిషికి మీరు ఇవ్వగలిగింది సలహా కాదు. గూడు తీసే మనిషిని పిలవడం, ఆ బకెట్ నీళ్లు మోయడం మీరు చేయండి.

ఊరికి, చుట్టాలింటికి వెళ్తే వాళ్లకి అంటిస్తామా? పాపని బడికి పంపొచ్చా?

పంపండి, వెళ్లండి. ఇది మనిషి నుంచి మనిషికి అంటుకునే జబ్బు కాదు. బ్యాగులో ఒకటీ అరా వెళ్లినా పక్షులు లేని చోట పెరగలేవు. మనశ్శాంతికి, బయల్దేరే ముందు స్నానం చేసి, వేడినీళ్లలో ఉతికిన బట్టలు పెట్టుకుని, బ్యాగుని ఒక పూట ఎండలో ఉంచండి. పెళ్లిళ్లు, పేరంటాలు మానేసి గదిలో కూర్చున్నవాళ్లున్నారు, ఆ అవసరం లేదు.

గూడు తీసి చాలా రోజులైంది, టేపులకి ఏమీ అంటట్లేదు, అయినా పాకుతున్నట్టే ఉంది. నాకు పిచ్చిపడుతోందా?

లేదు. అన్ని రాత్రులు ఒళ్లు కాచుకుని పడుకున్నాక చెమట బొట్టు జారినా, వెంట్రుక తగిలినా ఉలిక్కిపడతాం, అది తగ్గడానికి టైం పడుతుంది. అతిగా కడగడం వల్ల, ఘాటు మందుల వల్ల ఎండిన చర్మం కూడా దురద పెడుతుంది, కొబ్బరినూనెతోనో మాయిశ్చరైజర్‌తోనో తగ్గుతుంది. నెల దాటినా టెన్షన్ తగ్గక, నిద్ర రాక, రోజంతా పురుగుల కోసం వెతుకుతూ ఉంటే డాక్టరుతో ఆ మాట విప్పి చెప్పండి, నిద్ర తిరిగి తెచ్చుకోవడం కూడా ఈ చికిత్సలో భాగమే.

## తగ్గాక

పూర్తిగా పోయాయని ఎప్పుడు అనుకోవచ్చు?

గూడు తీసి, సందులు మూశాక మామూలుగా రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి, ఎందుకంటే పక్షి దొరకని ఎక్కువ రకాలు అంతకన్నా బతకవు. మొదటి వారంలో ఎక్కువైనట్టు అనిపించొచ్చు, ఆకలితో తిరిగేవి అప్పుడే బయటపడతాయి, బెంబేలు పడకండి. వరసగా రెండు వారాలు టేపులు ఖాళీగా ఉండి, కొత్త దద్దురు లేకపోతే పోయినట్టే.

నెల దాటింది, ఇంకా టేపుకి దొరుకుతున్నాయి. ఏం తప్పింది?

ఎక్కడో ఇంకో గూడు ఉంది, ఇదే ఎక్కువసార్లు తేలేది. బాత్రూమ్ డక్ట్, పై అంతస్తు సజ్జ, పక్క ఫ్లాటు ఏసీ, మళ్లీ వెతకండి, టేపులు గదిగదికీ పెట్టి ఎక్కడ ఎక్కువ దొరికితే ఆ గోడ అవతల చూడండి. రెండో కారణం కోళ్లకి పట్టే ఎర్ర మైట్. అది పగలు పగుళ్లలో దాక్కుని, తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు. అలాంటప్పుడు పగుళ్లు సిమెంటుతో మూయించి, వారం పది రోజుల తేడాతో రెండోసారి మందు కొట్టించాల్సి వస్తుంది.

పావురాలు మళ్లీ రాకుండా ఏం చేయాలి?

వల ఒక్కటే నమ్మకమైన దారి. పావురాలకి 50 మిల్లీమీటర్ల కన్నం ఉన్న నైలాన్ వల సరిపోతుంది, పిచ్చుకలు కూడా గూడు పెడుతుంటే 19 మిల్లీమీటర్లది కావాలి. బాల్కనీకి ఒక్కదానికే కట్టి వదిలేయకుండా ఏసీ యూనిట్ చుట్టూ, డక్ట్ పైన కూడా కట్టించండి. కట్టే ముందు లోపల పక్షి, పిల్ల ఏదీ చిక్కుకుపోలేదని చూసుకోండి. సన్నటి గట్ల మీద ముళ్ల పట్టీలు పనిచేస్తాయి. మెరిసే సీడీలు, ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మలు నాలుగు రోజుల ముచ్చట, ఆ బొమ్మ మీదే పావురం వాలుతుంది. జిగురు పూయడం వద్దు, పక్షి రెక్కలు అంటుకుని చస్తుంది.

మేం అమెరికాలో ఉంటాం, బట్టలారబెట్టే డ్రైయర్ గాలి బయటికి పోయే గొట్టంలో (వెంట్‌లో) గూడు ఉంది. ఇక్కడా ఇదేనా?

పద్ధతి ఇదే, చట్టం వేరు. అక్కడ 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం కింద చాలా పక్షుల గుడ్లున్న గూళ్లని ముట్టుకోకూడదు. మామూలు ఊరి పావురాలు, స్టార్లింగ్‌లు (గోరింకల జాతి పక్షులు), ఇంటి పిచ్చుకలు ఆ చట్టం కిందికి రావు. ఏ పక్షో తెలుసుకున్నాకే చేయి పెట్టండి. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకి ఇది ఎక్కువగా వసంతకాలంలో, అంటే మనకి దసరా దీపావళి రోజుల్లో వస్తుంది, కప్పు కింద గూళ్లు చూడండి.

మా అత్తగారు రోజూ పావురాలకి గింజలు వేస్తారు, పుణ్యం అంటారు. మానమని ఎలా చెప్పను?

హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఎంతోమంది ఎంతో భక్తిగా వేసేవారు, కాబట్టి ఆవిడ ఒక్కరి అలవాటు కాదిది. మానేయమని కాకుండా మార్చమని అడగండి: గింజలకి బదులు బాల్కనీలో మొక్కల పక్కన మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చడం, వీధి కుక్కకో ఆవుకో ముద్ద పెట్టడం. గింజలు రోజూ దొరికే చోట పావురం ఏడాది పొడవునా గుడ్లు పెడుతుందని, పిల్లాడి చేతి మీది దద్దుర్లు అక్కణ్ణుంచే వచ్చాయని ఫొటో చూపించి నెమ్మదిగా చెప్పండి. మనవడి సంగతి అంటే వింటారు.